క్వెంచింగ్‌ను తెలుగులో ఏమందాం?

ప్రశ్న: భూగర్భజలంలో పేలుడు పదార్థాల జాడ పట్టే కాంతి సెన్సర్ల గురించి ఇంటర్ పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. ఫ్లోరోసెన్స్‌కు, అంటే కాంతి పడినప్పుడు పదార్థం తిరిగి వెలుగునివ్వడానికి, ప్రతిదీప్తి అనే మాట ఉంది. ఆ వెలుగును మరో పదార్థం తగ్గించడాన్ని క్వెంచింగ్ అంటారు, దాని దగ్గర ఆగిపోయాను. ఆర్పడం అనాలా, చల్లార్చడం అనాలా?

జవాబు: చల్లార్చడం బాగుంటుందండీ. కమ్మరి కాల్చిన ఇనుమును నీళ్ళలో ముంచడం కూడా క్వెంచింగే కదా.

మరో జవాబు: నేను రెండూ వద్దంటాను. ఇక్కడ వేడి లేదు కాబట్టి చల్లార్చడం కుదరదు. ఆర్పడం అంటే వెలుగు పూర్తిగా పోయిందనిపిస్తుంది. ఈ సెన్సర్ పనంతా వెలుగు ఎంత తగ్గిందో కొలవడమే.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో టిమతీ స్వేగర్ బృందం 1998లో చూపిన పాలిమర్ సంగతి చూడండి. మొదట అది గాలిలో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థపు ఆవిరిని పట్టడం కోసం. కాంతి పడితే పలచటి పొర మెరుస్తుంది. టీఎన్‌టీ అణువు అంటుకుంటే పొరలోంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది, కాంతిగా రావలసిన శక్తి రాదు. ఆ శక్తి పాలిమర్ గొలుసు వెంట పరుగెడుతూ ఉంటుంది కాబట్టి, ఒక్క అణువు ఎక్కడ కూర్చున్నా గొలుసులో చాలా భాగం మసకబారుతుంది. ఎన్ని అణువులు చేరితే అంత మసక. అందుకే ‘మసకబారడం’ అంటే సరిపోతుంది.

నీళ్ళ విషయంలో ఈ ‘ఎంత’ అన్నది ప్రాణం లాంటిది. టీఎన్‌టీకైనా, ఆర్‌డీఎక్స్ అనే మరో పేలుడు పదార్థానికైనా అమెరికా పర్యావరణ సంస్థ జీవితకాలం తాగే నీటికి సూచించిన హద్దు లీటరుకు 2 మైక్రోగ్రాములే. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్‌లో, క్యాంప్ ఎడ్వర్డ్స్ సైనిక శిక్షణ స్థలం కింద ఉన్నది ఊళ్ళకు తాగునీరిచ్చే భూగర్భజలమే. కాల్పుల్లో వాడే పేలుడు పదార్థాలు అందులోకి దిగుతాయని ఆ సంస్థ 1997లో అక్కడ కాల్పుల శిక్షణ ఆపించింది. ఆర్‌డీఎక్స్ మట్టిని పెద్దగా పట్టుకోదు, నీటితోపాటు సాగిపోతుంది. ఆ జనం రోజూ తాగే నీళ్ళవి, ఉందా లేదా అని తేల్చి ఊరుకుంటే ఎలా?

‘మసకబారడం’ అనడానికి ఇంకో కారణం. ఆర్‌డీఎక్స్ ఎలక్ట్రాన్‌ను టీఎన్‌టీ అంత సులువుగా లాక్కోదు. అందుకని స్వేగర్ ప్రయోగశాల 2007లో తీరు మార్చి, ఆర్‌డీఎక్స్ తగిలితే వెలిగే రంగు పదార్థాన్ని చూపింది. ఒకటి మసకబారే సెన్సర్, ఒకటి వెలిగే సెన్సర్. పిల్లలకు జంటగా గుర్తుంటాయి.

ప్రశ్న అడిగినవారు: బాగుందండీ. శీర్షికకు ‘ప్రతిదీప్తి క్షీణత’ అనవచ్చా?

జవాబు: అది వేరే చోట కావాలి. ఎక్కువసేపు కాంతి పడి రంగు శాశ్వతంగా వెలిసిపోవడం మరో సమస్య, క్షీణత దానికి నప్పుతుంది. శీర్షికలో కూడా ‘ప్రతిదీప్తి మసకబారడం’ అనే ఉంచండి. క్వెంచర్‌కు మసకబార్చే పదార్థం అనండి, పొడుగైనా ఫరవాలేదు.