పాత ఫ్రిజ్‌లో బీరు పులియబెట్టడం: ప్రోబ్ గాలిలోనా, బకెట్‌కా?

కొత్తపీపా
అందరికీ నమస్కారం. ఇంట్లో మూలన పడున్న ఒంటి తలుపు ఫ్రిజ్ ఒకటుంది. పాతదే కానీ కూలింగ్ బాగానే ఉంది. దాన్ని బీరు పులియబెట్టే పెట్టెగా మారుద్దామనుకుంటున్నా. అరలు తీసేసి కొలిచి చూశా, 20 లీటర్ల బకెట్ పడుతుంది. బయట ప్లగ్గు దగ్గర పెట్టుకునే టెంపరేచర్ కంట్రోలర్ కూడా తెచ్చా. దాని తీగ చివర వేడి కొలిచే ప్రోబ్ ఉంది, అది చూపించేదాన్ని బట్టి ఫ్రిజ్‌కి కరెంటిస్తుంది, తీసేస్తుంది. ఇప్పటిదాకా చేసిన నాలుగు బ్యాచులూ గది వేడిలోనే పులిశాయి. నాలుగింటికీ గొంతులో మంట, గోళ్ళ రంగు తుడిచే ద్రావకం వాసన.
ఒక్కటే ప్రశ్న. కంట్రోలర్ ప్రోబ్‌ని ఫ్రిజ్ గాలిలో వేలాడదీయాలా, బకెట్‌కి అంటించాలా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

రాగితీగ
బకెట్‌కి. ఇందులో చర్చకేం లేదు.
ఈస్ట్ పనిచేసేటప్పుడు వేడి పుట్టిస్తుంది. జోరు మీదున్నప్పుడు లోపలి బీరు చుట్టూ ఉన్న గాలికన్నా 3 నుంచి 5 డిగ్రీలు ఎక్కువుంటుంది. ప్రోబ్ గాలిలో పెట్టి 18కి సెట్ చేస్తే మీ ఈస్ట్ 22లో ఈదుతుంటుంది, మీరేమో 18 అనుకుంటూ హాయిగా నిద్రపోతారు. మీ గొంతులో మంటకి కారణం అదే వేడి. ఎక్కువ వేడిలో ఈస్ట్ గొంతు మండించే ఫ్యూజల్ ఆల్కహాళ్ళు, ద్రావకం వాసనొచ్చే ఎస్టర్లు ఎడాపెడా తయారుచేస్తుంది.
ప్రోబ్‌ని బకెట్ పక్కన, బీరు మట్టానికి సగం ఎత్తులో టేపుతో గట్టిగా అదిమి అంటించండి. దాని మీద అరచేయంత దళసరి స్పాంజీ కప్పి మళ్ళీ టేపు వేయండి, గాలి తగలకూడదు. ఫ్రిజ్ సొంత థర్మోస్టాట్‌ని అన్నిటికన్నా చల్లని స్థానానికి తిప్పి వదిలేయండి. కంట్రోలర్‌లో కంప్రెసర్ డిలే, అంటే ఆగాక మళ్ళీ మొదలయ్యేలోపు విరామం, 5 నిమిషాలు. అది మాత్రం మర్చిపోవద్దు. ఆగిన వెంటనే మళ్ళీ కరెంటిస్తే గ్యాస్ ఒత్తిడి ఇంకా దిగి ఉండదు, మోటారు తిరగలేక మూలుగుతుంది. పాత కంప్రెసర్‌కి అలాంటివి నాలుగు జరిగితే చాలు.

నురగరాయుడు
చర్చ ఉంది. చాలా ఉంది.
20 లీటర్ల నీళ్ళు మెల్లగా చల్లబడతాయి. ప్రోబ్ బకెట్‌కి అంటిస్తే, బకెట్ అర డిగ్రీ దిగేదాకా కంప్రెసర్ ఆగదు. ఈలోగా లోపలి గాలి 4, 5 డిగ్రీలకు పడిపోతుంది, ఫ్రిజ్ చల్లబరిచే ప్లేటు మీద మంచు కడుతుంది. కంప్రెసర్ ఆగాక కూడా ఆ మంచు, ఆ గోడలు చల్లదనం ఇస్తూనే ఉంటాయి. అంటే సెట్ చేసినదానికన్నా కిందికి దిగుతుంది. గాలిలో పెడితే ఈ గొడవ లేదు. బీరు గాలికన్నా 3 డిగ్రీలు ఎక్కువని మీరే అన్నారుగా, గాలిని 15కి పెట్టుకుంటే సరిపోయె. మూడేళ్ళుగా ఇదే చేస్తున్నా.

తడిగుడ్డ
గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ? పెద్ద టబ్బులో నీళ్ళు, అందులో బకెట్, చుట్టూ పాత టవల్, టవల్ అంచు నీళ్ళలో, ముందు చిన్న ఫ్యాను. రోజుకి రెండు ఐసు సీసాలు. ఫ్రిజ్ లేదు, ప్రోబ్ లేదు, ఈ పోట్లాటా లేదు.

రాగితీగ
@నురగరాయుడు "3 డిగ్రీలు ఎక్కువ" అనేది ఒక్క రోజు సంగతి. నాలుగో రోజుకి ఈస్ట్ జోరు తగ్గుతుంది, వేడి ఆగిపోతుంది. అప్పుడు మీ బీరు కూడా గాలితోపాటు 15కి జారుతుంది. సరిగ్గా ఈస్ట్ తన చెత్త తానే ఊడ్చుకోవాల్సిన సమయంలో దాన్ని చలిలో పడుకోబెడుతున్నారు. వెన్న వాసనొచ్చే డైఎసిటైల్ మిగిలిపోయేది అప్పుడే.
లెక్క చెప్తా. 20 లీటర్ల వోర్ట్‌లో, అంటే ఇంకా పులియని బీరు రసంలో, ఒకటిన్నర కిలోల చక్కెర పులుస్తుందనుకుందాం. మొత్తం వేడి సుమారు 880 కిలోజౌళ్ళు. 20 లీటర్ల నీళ్ళని 1 డిగ్రీ పెంచడానికి 84 కిలోజౌళ్ళు చాలు. అంటే వేడి బయటికి పోయే దారే లేకపోతే బకెట్ 10 డిగ్రీలు ఎక్కుతుంది. ఇందులో సగం ఒకే రోజులో విడుదలైతే సగటున 5 వాట్లు. ఆ 5 వాట్లు ఎప్పుడు మొదలవుతాయో, ఎప్పుడు ఆగుతాయో గాలిలో వేలాడే ప్రోబ్‌కి ఎలా తెలుస్తుంది?

తడిగుడ్డ
5 వాట్లే అయితే టవల్ ఎక్కువే. మీరే నా తరఫున వాదించారు, థాంక్స్.

రాగితీగ
5 వాట్లు ఈస్ట్ వేడి మాత్రమే. గది వేడి వేరే. గాలిలో తేమ ఎక్కువున్న రోజు మీ టవల్ ఆరదు, ఆరకపోతే చల్లబరచదు. టవల్‌తో 12 డిగ్రీల్లో లాగర్, అదే చల్లగా పులిసే రకం బీరు, చేసి చూపించండి, నా కంట్రోలర్ మీకే ఇచ్చేస్తా.

తడిగుడ్డ
లాగర్ ఎవరు చేయమన్నారు? నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ ఈస్ట్ ఉంది. 35 డిగ్రీల్లో కూడా శుభ్రంగా పులుస్తుంది. వేడికి తగ్గ ఈస్ట్ వాడాలి గానీ, ఈస్ట్ కోసం వాతావరణాన్ని పెట్టెలో బంధించడం ఏంటి?

పాతసీసా
ఫ్రిజ్ మీద అంత కోపమెందుకండీ? యంత్రంతో చల్లబరచడం పెద్ద ఎత్తున మొదలైనవాటిలో బీరు ఒకటి. 1870ల్లో కార్ల్ ఫాన్ లిండే తన తొలి యంత్రాలు తయారుచేసింది మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ కోసమే. మన కొత్తపీపా గారు ఫ్రిజ్‌ని పుట్టింటికి పంపుతున్నారు, అంతే.

అర్ధరాత్రి_అయింది
ఇంట్లో బీరు చేయడం చట్టప్రకారం తప్పు కాదా?

మోడరేటర్
చోటుని బట్టి చట్టం మారుతుంది. ఎవరికి వారు కనుక్కోండి. ఈ థ్రెడ్‌లో ఆ చర్చ వద్దు.

నురగరాయుడు
@రాగితీగ జౌళ్ళూ వాట్లూ చెప్పి భయపెట్టకండి. నేనేం 15 దగ్గరే పెట్టి కూర్చోను. నాలుగో రోజు గాలిని 18కి పెంచుతా, ఆరో రోజు 20కి. చేత్తోనే. నా బీరులో వెన్న వాసన ఎప్పుడూ రాలేదు. స్పాంజీ కప్పిన ప్రోబ్ చూపించేది కూడా బకెట్ గోడ వేడే, బీరు వేడి కాదు. మరీ అంత పట్టింపైతే మూతకి బెజ్జం పెట్టి స్టీల్ గొట్టం దించి, ప్రోబ్ అందులో పెట్టాలి. అది చేశారా మీరు?

రాగితీగ
చేశా. ఒక బ్యాచంతా గొట్టంలో ఒకటి, స్పాంజీ కింద ఒకటి పెట్టి చూశా. తేడా అర డిగ్రీ కూడా దాటలేదు. ప్రోబులే అర డిగ్రీ అటూ ఇటూ ఉంటాయి, దంచిన ఐసు నీళ్ళలో ముంచి సున్నా చూపిస్తోందో లేదో చూసుకోవాలి. మీరు మీ ప్రోబ్‌ని ఎప్పుడైనా ఐసులో ముంచారా?

నురగరాయుడు
ముంచలేదు. నాలుక ఉంది నాకు.

రాగితీగ
అదీ సంగతి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. కొలవరు, కొలిచినవాళ్ళు చెప్తే వినరు, పైగా కొత్తవాళ్ళకి సలహాలు.

నురగరాయుడు
సలహాల గురించి మీరు మాట్లాడకండి.
అందరికీ తెలియాల్సిన విషయం ఒకటుంది, చెప్తా. రెండేళ్ళ కిందట ఇదే వేదికలో నేనడిగా, ప్రోబ్ తీగ ఫ్రిజ్ లోపలికి ఎలా పంపాలని. ఈ రాగితీగ గారే జవాబిచ్చారు. "పక్కగోడకి 8 మిల్లీమీటర్ల రంధ్రం, అయిదు నిమిషాల పని." నేను డ్రిల్లు పట్టా. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. సుయ్‌మని శబ్దం, నూనె వాసన, గ్యాసంతా గదిలో. నా ఫ్రిజ్‌కి వెనకాల నల్లటి జాలీ లేదు, వేడి గొట్టాలు పక్కగోడ రేకు లోపలే ఉన్నాయి. ఫ్రిజ్ పోయింది. అదృష్టం, అది మండే గ్యాసు కాదు. కంప్రెసర్ మీద ఆర్600ఎ అని రాసుంటే అది ఐసోబ్యూటేన్, డ్రిల్లు నిప్పురవ్వ చాలు. ఆ రోజు నుంచి ఈయన "చర్చకేం లేదు" అన్న ప్రతి చోటా నాకు చర్చ కనిపిస్తుంది.

కొత్తపీపా
అయ్యో. నేను రేపు రంధ్రం పెడదామనే అనుకున్నా. పక్కగోడకే.

పాతసీసా
ఆగండి, ఆగండి. రంధ్రమే అక్కర్లేదు. ప్రోబ్ తీగ సన్నగానే ఉంటుంది, తలుపు రబ్బరు కిందనుంచి, కీళ్ళ వైపు మూల దగ్గర పోనివ్వండి. రబ్బరు దాని చుట్టూ సర్దుకుంటుంది. తలుపు మూసి అక్కడ కాగితం ముక్క ఇరికించి లాగి చూడండి, బిగుతుగా వస్తే చాలు. తప్పదు, రంధ్రం కావాలి అంటే తలుపుకి పెట్టుకోండి, మామూలుగా తలుపులో గ్యాస్ గొట్టాలుండవు. అయినా ముందు లోపలి ప్లాస్టిక్ కోసి, ఫోమ్ వేలితో తవ్వి చూశాకే డ్రిల్లు.

మోడరేటర్
ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగత విషయాలు ప్రైవేటు సందేశాల్లో.

రాగితీగ
ప్రైవేటుగా ఎందుకు, అందరి ముందూ అన్నారుగా. నేనన్నది మామూలు ఫ్రిజ్ గురించి. వెనకాల జాలీ ఉన్నదా లేదా చూసుకోవడం డ్రిల్లు పట్టినవాడి పని. ఫ్రిజ్ అరగంట నడిపి పక్కగోడ మీద చెయ్యి పెడితే ఎక్కడ వెచ్చగా ఉందో తెలిసిపోతుంది.
అది వదిలేయండి. ఒక్క విషయం తేల్చండి. కంప్రెసర్ ఆగాక కిందికి దిగుతుందన్నారు. నా బకెట్ ఎప్పుడూ అర డిగ్రీకి మించి దిగలేదు. మీది ఎంత దిగింది?

నురగరాయుడు
నాలుగు డిగ్రీలు.

రాగితీగ
అసాధ్యం. 20 లీటర్లు ఊరికే అలా దిగవు. ప్రోబ్ ఊడిపోయుంటుంది.

నురగరాయుడు
ఊడలేదు. ప్రోబ్ ఉన్న బకెట్ దిగలేదు. పక్కది దిగింది.

రాగితీగ
పక్కదా?

నురగరాయుడు
అవును. నా ఫ్రిజ్‌లో ఎప్పుడూ రెండు బకెట్లుంటాయి. వారం తేడాతో బీరు కాస్తుంటా. ఒకటి పొంగుతుంటే ఒకటి చల్లారుతుంటుంది. ప్రోబ్ కొత్తదానికి అంటిస్తే దాని వేడి చూసి కంప్రెసర్ ఆపకుండా తిరుగుతుంది, పాతది చలికి ముడుచుకుపోతుంది. పాతదానికి అంటిస్తే కొత్తది కాగిపోతుంది. అందుకే గాలి. ఇద్దరికీ సమానం.

రాగితీగ
ఈ ముక్క మొదటి జవాబులోనే చెప్పుంటే ఇంత రాసేవాణ్ణా? రెండు బకెట్లకి ఒకే ప్రోబ్ అంటే లెక్కే వేరు. అప్పుడు గాలే తక్కువ చెడ్డది. అసలు వేర్వేరు వయసు బకెట్లు ఒకే ఫ్రిజ్‌లో పెట్టడమే తప్పంటా నేను, అది వేరే సంగతి.

నురగరాయుడు
మీరు అడిగారా? మీరెప్పుడూ అడగరు. ఇక్కడ ఎన్ని బకెట్లని అడగలేదు, అక్కడ ఏ ఫ్రిజ్ అని అడగలేదు. జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది మీ దగ్గర. నా కోపం ప్రోబ్ మీద కాదు.

తడిగుడ్డ
టబ్బులో రెండు బకెట్లు పడతాయి. ఊరికే చెప్తున్నా.

రాగితీగ
ఆ పాత థ్రెడ్ వెతికి చదివా. "పక్కగోడకి" అనే రాశాను. ఏ ఫ్రిజ్ అని అడగలేదు. దాని కింద ఇప్పుడు హెచ్చరిక పెట్టాను, చూడండి. ఫ్రిజ్ పోయినందుకు సారీ, నురగరాయుడు గారూ. ఆ రోజే చెప్పుంటే ఆ రోజే రాసేవాణ్ణి.
ఒకే బకెట్ అయితే మాత్రం ప్రోబ్ బకెట్‌కే. ఆ మాట మారదు.

నురగరాయుడు
ఒకే బకెట్ అయితే సరే. ఐసులో ముంచే విషయం కూడా చూస్తా. నాలుక గురించి అన్నది వెనక్కి తీసుకోను.

కొత్తపీపా
మీ ఇద్దరికీ దండాలు. రంధ్రం పెట్టలేదు, తీగ తలుపు రబ్బరు కిందనుంచే పోయింది. ప్రోబ్ బకెట్‌కి, మీద స్పాంజీ. 19కి సెట్ చేశా. నిన్న రాత్రి ఈస్ట్ వేశా, పొద్దున్నే ఎయిర్‌లాక్ (మూత మీద గ్యాసుని బయటికి వదిలే నీళ్ళ బిరడా) టకటకా కొట్టుకుంటోంది. బకెట్ 19.3, విడిగా పెట్టిన థర్మామీటర్‌లో గాలి 14. ఒక్క అనుమానం. తలుపు తీస్తే లోపలి లైటు ఒక్కోసారి వెలుగుతోంది, ఒక్కోసారి లేదు. ఫ్రిజ్ చెడిపోయిందా?

పాతసీసా
చెడిపోలేదు. కంట్రోలర్ ప్లగ్గు దగ్గరే కరెంటు తీసేస్తుంది కదా, కంప్రెసర్‌తో పాటు లైటు కూడా పోతుంది. బల్బు తీసేయండి, ఎలాగూ బీరుకి వెలుతురు మంచిది కాదు, అది తగిలితే హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) నుంచి ముక్కు మూసుకునే వాసన వస్తుంది. ఇంకోటి, ఇలా 19 డిగ్రీల్లో నడిచే ఫ్రిజ్ లోపల తేమ ఆరదు, రెండు వారాల్లో రబ్బరు మడతల్లో బూజు కనిపిస్తుంది. వారానికోసారి తుడవండి. చివర్లో చల్లబరిచేటప్పుడు ఎయిర్‌లాక్‌లో నీళ్ళు బకెట్‌లోకి పీల్చుకోకుండా చూసుకోండి.

రాగితీగ
గాలి 14, బకెట్ 19.3. చూశారా అయిదు డిగ్రీల తేడా.

నురగరాయుడు
చూశాం. ఒకే బకెట్ కదా.

కొత్తపీపా
ప్రస్తుతానికి ఒకటే. కంప్రెసర్ గట్టు మీద పది లీటర్లది ఇంకోటి పట్టేలా ఉంది. ఆదివారం ఇంకో బ్యాచ్ కాద్దామనుకుంటున్నా.