గార్డ్ డ్రిల్స్‌తో వస్తుందా, ఎదురు తిరిగే మనిషితోనే వస్తుందా?

పటమట వైట్‌బెల్ట్:
బ్రెజిలియన్ జిజిత్సు మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. వారానికి మూడు క్లాసులు, ఒక్కోటి గంటన్నర. పావుగంట వార్మప్ పోను దాదాపు యాభై నిమిషాలు డ్రిల్స్, అంటే పార్ట్‌నర్ ఎదురు తిరగకుండా ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేయడం, చివర్లో మిగిలిన ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు రోలింగ్, అంటే ఎదురు తిరిగే మనిషితో నిజంగా ఆడటం. ఈ లెక్క మీదే నా గొడవంతా.

ఇక్కడ కుస్తీ, కబడ్డీ వాళ్లు కూడా చదువుతుంటారు కాబట్టి ఒక్క మాట చెప్పి మొదలుపెడతా. గార్డ్ అంటే మనం కింద ఉండి, కాళ్లనే అడ్డుగా పెట్టి పైనున్నవాణ్ని ఆపడం, వీలైతే అక్కడి నుంచే వాణ్ని తిప్పేయడం లేదా పట్టు వేసి ట్యాప్ చేయించడం, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకునేలా చేయడం. కుస్తీలో వీపు నేలకు తగిలితే ఓడిపోయినట్టే, ఇక్కడ సగం ఆట వీపు మీదే నడుస్తుంది. పైవాడు మన కాళ్లు దాటి పక్కకొచ్చి మూడు సెకన్లు నిలబెట్టుకుంటే గార్డ్ పాస్, వాడికి మూడు పాయింట్లు. మనం కింద నుంచి తిప్పి పైకొస్తే స్వీప్, మనకు రెండు.

క్లోజ్డ్ గార్డ్, అంటే కాళ్లు పైవాడి నడుం చుట్టూ ముడి వేసి ఉంచడం, అక్కడి నుంచి సిజర్ స్వీప్ నేను ఎన్ని వందలసార్లు చేశానో లెక్కలేదు. ఒక చేత్తో కాలర్, ఇంకో చేత్తో వాడి స్లీవ్ పట్టుకుని, ఒక మోకాలు పొట్టకు అడ్డంగా పెట్టి, రెండో కాలు నేల మీద కత్తెరలా కొడితే వాడు పక్కకు పడాలి. డ్రిల్‌లో ప్రతిసారీ పడతాడు, పడాలని వాడికి ముందే తెలుసు కాబట్టి. రోలింగ్‌లో ఎనిమిది నెలల పాటు ఒక్కడంటే ఒక్కడు పడలేదు, నేను కాలు కొట్టేసరికి నడుం వెనక్కి వేసి కూర్చునేవాడు. చాలా ఆలస్యంగా అర్థమైందేంటంటే, కాలు కొట్టేముందే వాడి బరువు నా మోకాలి మీదకు లాక్కోవాలి. మా సార్ చెప్పలేదని కాదు, చెప్పారు. కానీ డ్రిల్‌లో పార్ట్‌నరే వచ్చి నా మీద బరువు వేసేవాడు కాబట్టి లాగాల్సిన అవసరమే రాలేదు, అవసరం రానిది ఒంటికి ఎలా ఎక్కుతుంది?

అందుకే నేననేది, డ్రిల్స్ పది నిమిషాలకు కుదించి మిగతా టైమంతా గార్డ్ నుంచే మొదలయ్యే చిన్న చిన్న రౌండ్లు పెట్టాలి. పైవాడి పని దాటడం, కిందివాడి పని ఆపడం లేదా తిప్పడం, ఎవరో ఒకరు గెలవగానే మళ్లీ మొదటి నుంచి. మీరేమంటారు?

బ్రాడీపేట జూడో:
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది గానీ నువ్వు చెప్పే మందు నాకు నచ్చలేదు. నేను జూడోలో ఇరవై ఏళ్లు ఉన్నా, జిజిత్సు మూడేళ్లుగా చేస్తున్నా. జూడోలో ఉచికోమి అని ఉంటుంది, ఎత్తి వేయకుండా, వేసేముందు లోపలికి దూరే కదలికను మాత్రమే వందలసార్లు చేయిస్తారు. విసుగే, కాదనను. కానీ ఓనమాలు దిద్దించకుండా పిల్లాడికి పరీక్ష పేపర్ ఇస్తే వాడు ఏం రాస్తాడు?

గార్డ్ నుంచి ఆర్మ్‌బార్ తీసుకో, అదే, వాడి మోచేయి వెనక్కి వంచే పట్టు. చేతిని ఛాతీకి కట్టెయ్యాలి, పాదం వాడి తుంటి మీద పెట్టాలి, ఆ పాదం ఆధారంగా మన నడుం అడ్డంగా తిప్పుకోవాలి, మోకాలు వాడి చంక కిందకి ఎక్కాలి, అప్పుడు గానీ రెండో కాలు తల మీదుగా వెళ్లదు. ఆ నడుం తిప్పడం దగ్గరే నూటికి తొంభై మంది ఆగిపోతారు. ఎదురు తిరిగే మనిషి కింద నలుగుతూ ఆ కోణం సొంతంగా కనిపెట్టమంటే ఏళ్లు పడుతుంది. నీ సిజర్ స్వీప్ పని చేయకపోవడం డ్రిల్ తప్పు కాదు, డ్రిల్ చేయించినవాళ్లు పార్ట్‌నర్‌ని సరిగ్గా కూర్చోబెట్టకపోవడం తప్పు.

తెనాలి కబడ్డీ:
నేను పదేళ్లు కబడ్డీ ఆడి ఇటొచ్చా. కబడ్డీలో యాంకిల్ హోల్డ్ నాకెవరూ వందసార్లు చేయించలేదు, రైడర్ వస్తాడు, కాలు దొరికితే ఉడుంపట్టు పట్టాలి, దొరక్కపోతే పాయింట్ పోతుంది, అంతే. ఆ పట్టు ఇప్పటికీ నా దగ్గరుంది, దానితోనే కాళ్లు ముడి వేయకుండా ఆడే ఓపెన్ గార్డ్‌లో పైవాడి మడమ పట్టుకుని, పాదంతో తుంటి నెట్టి పడేస్తుంటా. అన్న అన్నట్టు ఓనమాలు లేకపోయినా ఆటే నేర్పింది కదా. పటమట తమ్ముడితో నేను నూరు శాతం ఏకీభవిస్తా.

ఇంకోటి, ఈ ఎండల్లో మా దగ్గర గీ వేసుకునేవాళ్లే తక్కువ. రోహిణి కార్తెలో ఆ మందపాటి కాటన్ జాకెట్ పావుగంటలో తడిసి ముద్దవుతుంది. మేం చేసే డ్రిల్స్ మాత్రం సగం కాలర్, స్లీవ్ పట్టులవే. టీషర్ట్ మీద ఆ పట్టు ఎక్కడ దొరుకుతుంది?

కృష్ణలంక పర్పుల్:
జూడో అన్నా, మీ మీద గౌరవంతోనే అంటున్నా, మీ జూడో చరిత్రే పటమట తమ్ముడి వైపు మాట్లాడుతుంది. జూడో మొదలుపెట్టిన జిగోరో కానో 1882లో తన బడి కొడోకాన్ పెట్టినప్పుడు పాత జుజుత్సు బడులు ఎక్కువగా కట్టుదిట్టమైన కతాల మీదే, అంటే ముందే రాసిపెట్టిన కదలికల మీదే నడిచేవి. ఆయన ప్రమాదకరమైన పట్టులు పక్కన పెట్టి, మిగతావాటితో పూర్తి బలంతో ఆడే రందోరీకి పెద్దపీట వేశాడు. కొడోకాన్ పేరు నిలిచింది దానివల్లే. ఆ కొడోకాన్ మనిషే మిత్సుయో మైదా, 1914లో బ్రెజిల్ వెళ్లి, తర్వాత బెలెంలో, బ్రెజిలియన్ జిజిత్సుకు పునాది వేసినవాళ్లలో ఒకడైన కార్లోస్ గ్రేసీకి నేర్పాడు. మన ఆటకు మూలమే ఎదురు తిరిగే మనిషి.

ఇంకో సంగతి. నికొలాయ్ బెర్న్‌స్టైన్ అని సోవియట్ శాస్త్రవేత్త, 1920ల్లో సుత్తి దెబ్బలు కొట్టే పనివాళ్లను కెమెరాతో పరిశీలించాడు. చేయి తిరిగిన పనివాడి సుత్తి ప్రతిసారీ ఒకే చోట పడుతుంది, కానీ మోచేయి, భుజం, మణికట్టు కదిలే దారి ఏ రెండు దెబ్బలకీ ఒకేలా ఉండదు. దీన్నే ఆయన తిరిగి చేయకుండా తిరిగి చేయడం అన్నాడు. మీకు నమ్మకం కుదరకపోతే ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డు ముందు ఓ పది నిమిషాలు నిలబడి చూడండి, రేకు ఒక్కో చోట ఒక్కోలా వంగి ఉంటుంది, మేస్త్రీ చేయి కూడా దాన్నిబట్టే మారుతూ ఉంటుంది. గార్డ్ కూడా అంతే, ఒకే కదలికను వందసార్లు ముద్ర కొట్టినట్టు చేస్తే ఆ కదలికే వస్తుంది, పైవాడు బెత్తెడు పక్కకు జరిగితే మన దగ్గర జవాబు ఉండదు.

హాఫ్ గార్డ్, అంటే పైవాడి ఒక కాలిని మన రెండు కాళ్ల మధ్య ఇరికించి ఆపడం, అది ఎలా ఎదిగిందో చూడండి. రొబెర్తో కొర్రేయా, గోర్డో అంటారు, మోకాలికి గాయమై మామూలు గార్డ్ ఆడలేని స్థితిలో, అప్పటిదాకా అందరూ ఊపిరి తీసుకోవడానికి ఆగే చోటుగా చూసిన హాఫ్ గార్డ్‌నే దాడి చేసే గార్డ్‌గా మార్చాడు. డ్రిల్ పుస్తకంలో దొరికింది కాదది, మ్యాట్ మీద ఇబ్బందిలోంచి పుట్టింది.

బ్రాడీపేట జూడో:
చరిత్ర చెప్పావు, సంతోషం, కానీ సగమే చెప్పావు. కానో రందోరీ పెంచాడు నిజమే, కతా తీసేయలేదు, రెండూ ఉంచాడు. ఇక గోర్డో ఆ గాయం నాటికే ఏళ్ల తరబడి నేర్చుకున్నవాడు. చేతిలో సరుకు ఉన్నవాడికి ఇబ్బంది వస్తే కొత్తది పుడుతుంది, ఏమీ లేనివాడికి ఇబ్బంది వస్తే దెబ్బ తగులుతుంది.

అరండల్‌పేట 48 కిలోలు:
ఆ చివరి వాక్యం నేను రాయాల్సింది. ఇక్కడ ఇంతమంది అన్నయ్యలు మాట్లాడారు, పైవాడి బరువెంత అని ఒక్కరూ అడగలేదు.

నా బరువు 48 కిలోలు. రెండేళ్ల క్రితం నేను వెళ్లిన చోట అమ్మాయిని నేనొక్కదాన్నే, కొత్తగా ఈ గార్డ్ రౌండ్లు పెట్టారు, మీరు చెప్పినట్టే, మొదటి నెల నుంచే. నా పార్ట్‌నర్ 82 కిలోలు. కాళ్లు రెండూ కలిపి పట్టుకుని నన్ను మడతపెట్టి, నా మోకాళ్లు నా మొహానికి తగిలేలా తన బరువంతా వేశాడు, స్టాక్ పాస్ అంటారే అది. అతను చెడ్డవాడేం కాదు, దాటమన్నారు కాబట్టి దాటాడు. నాకు అక్కడ మెడ పక్కకు తిప్పుకుని, నడుం జరుపుకుని, ముంజేయి అడ్డుపెట్టాలని తెలియదు. తెలియనివాళ్లు ఏం చేస్తారు, బిగదీసుకుంటారు. పక్కటెముక చిట్లింది. ఏడు వారాలు దగ్గితే కళ్లల్లో నీళ్లు.

చిన్నవాళ్లకు ధైర్యం చెప్పడానికి అందరూ జిజిత్సు ఫైటర్ రాయిస్ గ్రేసీ పేరు తీస్తారు. 1994 డిసెంబర్‌లో యూఎఫ్‌సీ 4 అనే ఫైటింగ్ పోటీ ఫైనల్లో తనకంటే ముప్పై కిలోలకు పైగా ఎక్కువున్న డాన్ సెవర్న్ కింద పావుగంట పడుకుని చివరికి కాళ్లతో మెడ బిగించే ట్రయాంగిల్‌తో గెలిచాడు, నిజం. కానీ అతను చిన్నప్పటి నుంచి ఆ గ్రేసీల ఇంట్లో అదే పనిగా పెరిగినవాడు, నెల రోజుల వైట్‌బెల్ట్ కాదు. పోటీలో అయితే నా వర్గం గీతో కలిపి 53.5 కిలోల లోపు, బరువు వర్గాలు లేని ఓపెన్‌లో దిగితే తప్ప నా మీద 82 కిలోలు ఎవరూ ఎక్కరు. క్లాసులో మాత్రం రోజూ ఎక్కుతారు.

అలాగని నేను డ్రిల్స్ వైపు కూడా లేను. ఊరికే వందసార్లు రొయ్యలా వెనక్కి జరిగే ఆ డ్రిల్ గోడ దాకా చేస్తాం చూడండి, నాకు దానివల్ల ఒంటికి ఎక్సర్‌సైజ్ తప్ప గార్డ్ రాలేదు, ఎందుకంటే అందులో ఎప్పుడు జరగాలో చెప్పేవాడు లేడు. ఇప్పుడు నేను వెళ్లే చోట ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొత్త కదలిక ఐదు నిమిషాలు ఎదురు లేకుండా, దారి తెలియడానికి. తర్వాత పైవాడికి ఒకే ఒక్క పని ఇస్తాం, ఉదాహరణకి ప్యాంటు మోకాళ్ల దగ్గర పట్టుకుని కాళ్లు పక్కకు తోసి దాటే టొరియాండో మాత్రమే, ఇంకేదీ చేయకూడదు. బలం ఎంతో కిందున్నవాళ్లు చెప్తారు, పదికి మూడు, ఐదు, ఏడు అని. పైవాడు తనంతట తాను పెంచకూడదు. ఈ ఒక్క నియమం వల్ల ఏడాదిగా నాకు గాయం లేదు, పైగా నా గార్డ్ దాటడానికి డెబ్బై కిలోలవాళ్లు కూడా ఇప్పుడు కష్టపడుతున్నారు.

తెనాలి కబడ్డీ:
అక్కా, మీరు చెప్పాక నా మాట కొంచెం సవరించుకుంటున్నా. కబడ్డీలో మేం చిన్నప్పుడు మా ఈడు, మా బరువు పిల్లలతోనే ఆడాం, అందుకే ఆటే నేర్పింది. పెద్దవాళ్ల కోర్టులో దింపి ఉంటే భయమే నేర్చుకునేవాణ్ని. ఇంకో నిజం కూడా చెప్తా, ఎవరైనా కాళ్లు దాటబోతే నేను అలవాటుగా బోర్లా తిరిగేస్తా, కబడ్డీలో గీత వైపు పాకాలి కదా, ఇక్కడ వీపు ఇచ్చేసినట్టు అవుతుంది, నాలుగు పాయింట్లు. ఆటలో వచ్చిన అలవాటు తప్పుదైతే ఆటే దాన్ని గట్టిపరుస్తుంది, ఎవరో ఒకరు ఆపి చూపించాల్సిందే.

కృష్ణలంక పర్పుల్:
అక్క చెప్పిన ఒకే పని పద్ధతి చాలా బాగుంది. నేను పూర్తి బలం అనేశాను, అది తొందరపాటు మాట. దానికి ఒకటి కలుపుతా, కొత్తవాళ్లు ఎగిరి నడుముకు కాళ్లు చుట్టి గార్డ్‌లోకి వెళ్లడం ఇలాంటి రౌండ్లలో అసలు పెట్టొద్దు. నిలబడ్డవాడి మోకాలు అవతలివాడి బరువుకి పక్కకు విరిగే ప్రమాదం ఉంది. అంతర్జాతీయ సమాఖ్య పోటీల్లో వైట్‌బెల్ట్‌లకు అది నిషేధం, క్లాసుల్లోనూ అంతే ఉండాలి.

పటమట వైట్‌బెల్ట్:
మూడు వారాల తర్వాత రాస్తున్నా. సార్‌ని అడిగితే శనివారం క్లాసు మాకు వదిలేశారు. ఐదుగురం, రెండేసి నిమిషాల రౌండ్లు, అక్క చెప్పినట్టు కిందున్నవాడు అంకె చెప్పడం, పైవాడికి టొరియాండో ఒక్కటే.

మొదటి శనివారం నా గార్డ్ దాదాపు ప్రతిసారీ దాటారు. కాళ్లు తోసేశాక నేను పాదాలతో వెంటపడుతున్నా, అప్పటికే ఆలస్యం. రెండో వారానికి ఎవరూ చెప్పకుండానే ఒకటి మారింది, మోకాళ్లు ఛాతీ దగ్గరకు, మోచేతులు మోకాళ్ల లోపలికి వచ్చేశాయి, పాదాలకు బదులు నడుం తిప్పి వాడు వెళ్లే వైపు ఎదురుగా వస్తున్నా, పై పాదం వాడి చేతి కండ మీదో తుంటి మీదో ఆనుతోంది. మూడో వారం సగానికి పైగా రౌండ్లలో ఆపగలిగా. చివరి పది నిమిషాలు క్లోజ్డ్ గార్డ్ నుంచి ఆడేవాళ్లం, అందులో సిజర్ స్వీప్ రెండుసార్లు పడింది. రెండూ వాడు ముందుకు తోస్తున్నప్పుడే, వెనక్కి కూర్చున్నప్పుడు మాత్రం ఇంకా రావట్లేదు.

కానీ జూడో అన్న మాట నిజమని కూడా ఒప్పుకోవాలి. ఈ మూడు వారాల్లో ఆర్మ్‌బార్ ఒక్కసారి కూడా పుట్టలేదు. చేయి దొరికింది, చాలాసార్లు దొరికింది, నడుం తిప్పాలని ఒంటికి తట్టలేదు. నిన్న సార్ దగ్గర కూర్చుని పావుగంట అదొక్కటే ఎదురు లేకుండా చేశా, తర్వాత అంకె మూడు మీద చేశా, వచ్చింది. ఐదుకు పెంచితే పోయింది. ఈ మూడుకీ ఐదుకీ మధ్య ఏం జరుగుతోందో నాకింకా తెలియట్లేదు.

బ్రాడీపేట జూడో:
నువ్వు కాలు తల మీదకు వేయడానికి తొందరపడి పట్టిన చేయి వదులుతున్నావు, చూడకుండానే చెప్పగలను. వాడు బలం పెంచగానే లేచి నిలబడబోతాడు, అప్పుడు మోకాలు చంకలోకి గట్టిగా బిగించి ఉండకపోతే మోచేయి జారిపోతుంది. గుంటూరు రా, ఆదివారం పొద్దున ఆరున్నరకి మా దగ్గర మ్యాట్ ఖాళీగా ఉంటుంది. అరండల్‌పేట అమ్మాయి కూడా వస్తానంటే అంకె తనే చెప్పాలి, నేను 74 కిలోలు.

అరండల్‌పేట 48 కిలోలు:
వస్తా మాస్టారూ. మొదటి రౌండు మూడు. అందరూ గోళ్లు కత్తిరించుకుని రండి.