లిండన్ జాన్సన్: మామయ్య దండం పెడతారు, తాతయ్య మండిపడతారు. ఎవరి మాట నిజం?

వేళచ్చేరి పాఠకురాలు

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ఉద్యోగం కోసం వచ్చి చెన్నైలో స్థిరపడ్డాం. ఈ మధ్య న్యూజెర్సీ నుంచి మా మామయ్య వచ్చారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి డెబ్బైల్లో అమెరికా వెళ్లిన వైద్యుడాయన. భోజనాల దగ్గర మాట మాటా పెరిగి, "జాన్సన్ 1965లో ఆ వలస చట్టం మీద సంతకం పెట్టకపోతే మన తెలుగువాళ్లు అక్కడ ఇంతమంది ఉండేవారే కాదు, ఆ మహానుభావుడికి దండం పెట్టాలి" అన్నారు. అంతే, మా తాతయ్య కంచం ముందు నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "మన దేశాన్ని గోధుమల కోసం నెలనెలా అడుక్కునేలా చేసిన మనిషికి దండమా? నువ్వు పెట్టుకో" అన్నారు. ఆ తర్వాత ఇద్దరూ పెరుగన్నం దాకా ఒక్క మాట మాట్లాడుకోలేదు.

నాకు జాన్సన్ అంటే కెన్నెడీ తర్వాత అమెరికా అధ్యక్షుడిగా వచ్చినవాడు, వియత్నాం యుద్ధం చేసినవాడు, అంతే తెలుసు. ఒకే మనిషి ఈ రెండూ ఎలా చేశాడు? అప్పటి మద్రాసు గుర్తున్నవారు ఎవరైనా ఉంటే చెప్పండి. దయచేసి ఫోన్లలో తిరిగే కథలు వద్దు.

అన్నానగర్ దస్తావేజులు

వీసా కాగితాలు సరిచూసే పని నాది. మౌంట్ రోడ్డులో జెమిని ఫ్లైఓవర్ పక్కన అమెరికన్ కాన్సులేట్ ముందు వరుసలో నిలబడేవారిలో చాలామందికి జాన్సన్ పేరే తెలియదు. కాబట్టి మీ మామయ్యగారికి ముందుగా నా మెచ్చుకోలు.

1965కు ముందు అమెరికాకు వలస వెళ్లడానికి ఒక్కో దేశానికి ఒక్కో కోటా ఉండేది. ఐరోపా వాళ్లకు పెద్ద పీట. 1946 చట్టం ప్రకారం భారతదేశానికి ఇచ్చింది ఏడాదికి 100 మాత్రమే. జాన్సన్ 1965 అక్టోబరు 3న న్యూయార్కులో స్వేచ్ఛా ప్రతిమ దగ్గర కూర్చుని సంతకం పెట్టిన చట్టం ఆ పద్ధతిని రద్దు చేసింది. పుట్టిన దేశం బదులు బంధుత్వం, వృత్తి నైపుణ్యం చూడడం మొదలైంది. అదే ఏడాది ఆయనే మెడికేర్ తెచ్చి 65 ఏళ్లు దాటిన వాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇచ్చాడు. రోగులు పెరిగారు, డాక్టర్లు చాలలేదు. మామయ్యగారి లాంటి వాళ్లకు ఆ తలుపు అందుకే అంత త్వరగా తెరుచుకుంది.

రెండు సంగతులు మాత్రం మామయ్యగారికి చెప్పండి. సంతకం పెట్టిన రోజు జాన్సన్ స్వయంగా ఇది విప్లవాత్మకమైన బిల్లు కాదనీ, లక్షలాది మంది జీవితాలను మార్చేది కాదనీ అన్నాడు. మనవాళ్ల గురించి ఆలోచించి చేసినదేమీ కాదు. ఇక రెండోది. మన దేశం ఉన్న తూర్పు అర్ధగోళంలో ఏ దేశం నుంచీ ఏడాదికి 20,000 మందికి మించకూడదన్న గీత కూడా ఆ చట్టమే గీసింది. 1990లో అది ఏటా ఇచ్చే మొత్తం వలస వీసాల్లో 7 శాతంగా మారింది. ఇప్పుడు గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మన పిల్లలు తిట్టుకునేది ఆ గీతనే.

రాయపురం పెద్దమనిషి

అమ్మాయీ, ఇద్దరి మాటా నిజమే. ఇలా అంటున్నానని తగవు తప్పించుకుంటున్నాననుకోకు. వాళ్లిద్దరూ పొగిడేదీ, తిట్టేదీ ఒకే గుణాన్ని. జాన్సన్ ఎవరికి ఏమి ఇచ్చినా పూర్తిగా చెయ్యి వదిలి ఇచ్చేవాడు కాదు, కొస తన గుప్పిట్లోనే ఉంచుకునేవాడు.

ముందు గోధుమల సంగతి, ఎందుకంటే అది నేను కళ్లారా చూసింది. మా నాన్నగారు మద్రాసు హార్బరులో టాలీ గుమాస్తా. అమెరికా గోధుమలు సంచుల్లో వచ్చేవి కావు. ఓడ కడుపు నిండా రాశిగా వచ్చేవి. రేవులో వాటిని గోనె సంచుల్లోకి ఎత్తి, దబ్బనంతో పురికొస కుట్టి, తూకం వేసి, వ్యాగన్లకు ఎక్కించేవారు. ఆ సంచులను లెక్కపెట్టడం నాన్నగారి పని. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమల మీద కూడా గోధుమ దుమ్ము పేరుకుని ఉండేది. అమ్మ ఆయనను గడప బయటే నిలబెట్టి చొక్కా విప్పించేది. రేషన్ షాపులో బియ్యం తగ్గించి గోధుమలు అంటగట్టే రోజులవి. మాది అన్నం తినే ఇల్లు, చపాతీ ఒత్తడం ఎవరికీ చేతకాదు. అమ్మ గోధుమలు కడిగి, చాప మీద ఎండబెట్టి, మరకు పంపి రవ్వ పట్టించి ఉప్మా చేసేది. ఆ ఉప్మా నాకు ఇప్పటికీ ఇష్టమే. అందుకని నన్ను మరీ బాధితుడి కింద జమకట్టనక్కర్లేదు.

ఆ గోధుమలు ఇచ్చే చట్టం జాన్సన్ తెచ్చింది కాదు. 1954లో ఐసెన్‌హోవర్ కాలంలో వచ్చిన పి.ఎల్.480 అది. వాళ్ల దగ్గర పంట మిగిలిపోతోంది, మన దగ్గర డాలర్లు లేవు, రూపాయల్లో కట్టమన్నారు. 1960లో ఏకంగా నాలుగేళ్లకు సరిపడా ఒప్పందం రాసుకున్నారు. దాని గడువు తీరాక జాన్సన్ మళ్లీ అలాంటి దీర్ఘకాల ఒప్పందానికి ఒప్పుకోలేదు. కొద్ది నెలలకు సరిపడా మాత్రమే విడుదల చేసేవాడు. ఏ ఓడ ఎప్పుడు బయలుదేరాలో కూడా వైట్ హౌస్‌లో తానే తేల్చేవాడు. ఇక్కడేమో 1965లో వానలు మోసం చేశాయి. 1964-65లో 8.9 కోట్ల టన్నులున్న తిండిగింజల పంట మరుసటి ఏడాది 7.2 కోట్ల టన్నులకు పడిపోయింది. 1966లోనూ కరువే. ఆ ఏడాది కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతి చేసుకున్నాం. ఒక ఓడ ఖాళీ అయ్యేలోపు వెనక ఇంకొకటి ఉందా లేదా అన్నదే హార్బరులో అందరి ప్రశ్న. శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానమంటే దేశం మానింది. హోటళ్లు మూసేవారు. మీ తాతయ్యగారి కోపం ఆ సోమవారాలది.

ఇందులో మన పత్రికలు ఎక్కువగా రాయని కోణం ఒకటి ఉంది. జాన్సన్ పెట్టిన షరతు వ్యవసాయం మీద ఖర్చు పెంచమని, కొత్త విత్తనాలు, ఎరువులు వాడమని. అప్పటి మన ఆహార మంత్రి సి.సుబ్రమణ్యం, పొల్లాచ్చి వైపు మనిషి, సరిగ్గా అదే కోరుకుంటున్నాడు. ఢిల్లీలో సొంతవాళ్లే అడ్డుపడుతున్నారు. 1965 నవంబరులో రోములో అమెరికా వ్యవసాయ మంత్రి ఫ్రీమన్‌తో కూర్చుని ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడాది మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం వచ్చింది. కాబట్టి మెడ పట్టుకుని తోశాడనడం సగం నిజం. మనలోనే ఒకాయన ఆ దారి పట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ సుబ్రమణ్యం 1967 ఎన్నికల్లో ఓడిపోవడం వేరే కథ. అప్పుడు మద్రాసులో గెలిచింది రూపాయికి మూడు పడుల బియ్యం ఇస్తామన్న అన్నాదురై పార్టీ.

అయితే షరతు వ్యవసాయం దగ్గర ఆగి ఉంటే నేనూ మీ మామయ్య పక్షాన చేరేవాణ్ణి. వియత్నాం మీద బాంబులు ఆపమని మన ప్రభుత్వం అన్నప్పుడల్లా అక్కడ ఆయనకు ఒళ్లు మండేది, ఇక్కడ ఓడలు ఆలస్యమయ్యేవి. శాస్త్రిగారు అమెరికా రావలసిన పర్యటనను 1965 ఏప్రిల్‌లో తానే వాయిదా వేశాడు. తర్వాత ఇందిరాగాంధీ వెళితే ఎంతో మర్యాద చేశాడు, ఓడలు పంపాడు, కొస మాత్రం వదల్లేదు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెడుతూ నోరు మూసుకోమనడం నా లెక్కలో తప్పే.

ఇక ఈ గుణమే సొంత దేశంలో ఏమి చేసిందో చూడు. 1964లో నల్లవారి పౌరహక్కుల బిల్లును దక్షిణాది సెనేటర్లు 60 పనిదినాలు ప్రసంగాలతోనే అడ్డుకున్నారు. వాళ్ల నాయకుడు రిచర్డ్ రసెల్, జాన్సన్‌ను సెనేట్‌లో చేయి పట్టి నడిపించిన గురువు. గురువు అని ఊరుకోలేదు. ప్రతిపక్ష నాయకుడు డర్క్‌సన్‌కు ఆ ఘనత తనదే అనిపించేలా వెంటపడి, ఎవరికి ఏమి కావాలో అది ఇచ్చి, ఎవరికి ఏమంటే భయమో అది చూపించి, 71-29 ఓట్లతో చర్చ ముగింపజేశాడు. జూలై 2న సంతకం పెట్టాడు. కెన్నెడీ ప్రతిపాదించినదే. కానీ కెన్నెడీ దాన్ని గట్టెక్కించేవాడని నేను నమ్మను.

అది ఓట్ల కోసమే అంటారు కొందరు. ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో కూడా చూడాలి. టెక్సాస్ రాళ్ల నేలలో 1908లో పుట్టాడు. తండ్రి శాసనసభ్యుడే అయినా పత్తి ధర పడిపోయి అప్పులపాలయ్యాడు. కాలేజీ చదువు మధ్యలో డబ్బు కోసం కొతుల్లా అనే ఊళ్లో మెక్సికన్ కూలీల పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆ పిల్లలు పొద్దున ఏమీ తినకుండా బడికి వచ్చేవారని 1965 మార్చిలో నల్లవారి ఓటు హక్కు చట్టం గురించి కాంగ్రెస్ ముందు మాట్లాడుతూ చెప్పుకున్నాడు. 1937లో ఎంపీ అయ్యాక తన ప్రాంతానికి కరెంటు తెప్పించాడు. అంతవరకు అక్కడి ఆడవాళ్లు బావి నుంచి నీళ్లు మోసి మోసి గూనివాళ్లయ్యేవారు. ఆకలి తెలిసినవాడే. మన ఆకలితో బేరమాడాడు కూడా. ఈ రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు, మీ తాతయ్యగారి దగ్గర ఉంటే రాయమను.

తిరువాన్మియూర్ తెలుగోడు

పెద్దాయన బాగా రాశారు గానీ ఓట్ల సంగతి మరీ తేలికగా దాటేశారు. 1948లో సెనేట్ అభ్యర్థిత్వం కోసం సొంత పార్టీలో జరిగిన పోటీలో దాదాపు పది లక్షల ఓట్లు పోలైతే ఈయన నెగ్గింది 87 ఓట్లతో. ఎన్నికలయ్యాక కొన్ని రోజులకు ఆలిస్ అనే ఊళ్లో 13వ నంబరు పెట్టెలో రెండు వందల ఓట్లు కొత్తగా తేలాయి. ఓటర్ల పేర్లన్నీ అక్షర క్రమంలో, ఒకే సిరాతో ఉన్నాయట! మన దగ్గర దొంగ ఓట్లు వేసేవాళ్లు కూడా కాస్త పేర్లు అటూ ఇటూ కలుపుతారు. ఇలాంటివాడు ఓటు హక్కు చట్టం తెచ్చాడంటే నవ్వు రాదా?

పైగా వియత్నాం గురించి ఒక్క పేరా కూడా లేదు. 1968 నాటికి అక్కడ అమెరికా సైనికులు ఐదు లక్షలు దాటారు. ఆ మార్చి 31న టీవీలో ఇక పోటీ చేయనని చెప్పి వెళ్లిపోయాడు. మామయ్యగారూ తాతయ్యగారూ తమ తమ భోజనం సంగతి చూసుకున్నారు. వియత్నాం వాళ్ల సంగతో?

వేళచ్చేరి పాఠకురాలు

అందరికీ ధన్యవాదాలు. పెద్దాయన రాసినది తాతయ్యకు చదివి వినిపించాను. దబ్బనం, పురికొస దగ్గర ఆపమని మళ్లీ చదివించుకున్నారు. సుబ్రమణ్యం గురించి మాత్రం "ఆయన మంచివాడే, అయినా ఇచ్చేవాడి దగ్గర మర్యాద లేదు" అన్నారు. మామయ్య 20,000 గీత సంగతి విని కాసేపు ఏమీ అనలేదు. తన తమ్ముడి కొడుకు ఆ వరుసలోనే ఉన్నాడు.

నాకు ఇంకొక్క సందేహం. ఇంత లెక్కగా బేరాలాడే మనిషి వియత్నాంలో ఎలా ఇరుక్కున్నాడు? అక్కడ గెలవగలనని నిజంగా నమ్మాడా?

రాయపురం పెద్దమనిషి

తిరువాన్మియూర్ అబ్బాయికి: 13వ నంబరు పెట్టె సంగతి నాకూ తెలుసు, ఆయనను మహాత్ముడని నేను అనలేదు. దొంగ ఓట్లతో నెగ్గినవాడికి ఓటు విలువ తెలియదని ఎలా అనగలవు? అందరికంటే బాగా తెలుస్తుంది. వియత్నాం విషయంలో మాత్రం నీతో వాదన లేదు.

అమ్మాయీ, నమ్మలేదు. ఆయన ఫోను సంభాషణలను రహస్యంగా రికార్డు చేయించేవాడు. ఆస్టిన్‌లోని ఆయన గ్రంథాలయం వాటిని బయటపెట్టింది, ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో ఉచితంగా వినవచ్చు. 1964 మే 27న తన భద్రతా సలహాదారు బండీతో మాట్లాడింది ముందు విను. అది పోరాడదగ్గ చోటు అనుకోవడం లేదనీ, అలాగని బయటపడగలమనీ అనుకోవడం లేదనీ అంటాడు. అదే రోజు రసెల్‌తో మాట్లాడింది కూడా ఉంది. పౌరహక్కుల బిల్లు మీద ఆ గురువుతో హోరాహోరీగా పోరు నడుస్తున్న రోజుల్లోనే, వియత్నాం మీద సలహా కోసం ఆయనకే ఫోను చేశాడు. తర్వాత పది నెలలు తిరక్కుండానే, 1965 మార్చి 8న, వియత్నాంలోని దా నాంగ్ తీరంలో అమెరికా మెరైన్ సైనికులు దిగారు. టెక్సాస్ యాస మొదట్లో అర్థం కాదు. కింద రాతప్రతి దొరికితే చూస్తూ విను.