సమస్య: ‘బిడ్డఁ గనని రాణియె రాజుబిడ్డఁ గనియె’

నిర్వాహకుడు, తిరుపతి: ఈ వారం సమస్య తేటగీతి ఛందస్సులోని ఒక పాదం; దీన్నే చివరి పాదంగా ఉంచి, ముందు మూడు పాదాలు కూర్చి పద్యం పూరించాలి. చంద్రగిరి రాణిమహలు ముందు నిలబడినప్పుడు తట్టినది కనుక, 1614లో మరణించిన విజయనగర రాజు వేంకటపతిరాయల అంతఃపురానికే పూరణలను పరిమితం చేయవలసిందిగా మనవి.

తిరుచానూరు సభ్యుడు:

నెలలు నిండెను నాకంచు నేర్పు మీఱ
పరుల పసికందు నొడిఁబెట్టి బాయమాంబ
వేంకటపతికిఁ జూపెను, వింత గాదె?
బిడ్డఁ గనని రాణియె రాజుబిడ్డఁ గనియె.

చిత్తూరు సోదరి:

చాకి మూటలో నొదిఁగిన చంటివానిఁ
గోట దాటించు వేళలోఁ గుమిలి కుమిలి
గుండెఁ జిక్కఁబట్టుకొని తా గోడఁ జేరి
బిడ్డఁ గనని రాణియె రాజుబిడ్డఁ గనియె.

నిర్వాహకుడు: తిరుచానూరు వారి పద్యానికి ఆధారం గట్టిది. రాణి బాయమ్మ ఒక బ్రాహ్మణ శిశువును తన బిడ్డగా చూపిందని, రాజు తెలిసీ తెలియనట్లు ఊరకున్నాడని, పోర్చుగీసు పాద్రీ బర్రదాసు 1616లో వ్రాసిన లేఖ చెబుతున్నది. అయితే ‘వింత గాదె’ అన్నది పాదం నింపడానికే వచ్చింది. అసలు వింత రాజుగారి మౌనంలో ఉన్నది కనుక ‘వేంకటపతి నోరెత్తక వినుచు నుండ’ అంటే యతీ (పాదం మొదటి అక్షరంతో నడుమ ఒక అక్షరం కలియవలసిన నియమం) నిలుస్తుంది, కథా నిలుస్తుంది. సంతానం లేని రాణికి రాజు కన్ను మూసిన మరునాడు నగరులో దిక్కెవరన్న భయం కూడా ఒక్క మాటలో ధ్వనించి ఉంటే, ఆమె కేవలం మాయలాడిగా మిగిలేది కాదు.

చిత్తూరు అమ్మా, మీరు ‘కనుట’ను చూచుటగా మలచిన తీరుకు నా జోహార్లు. రాజు వారసుడిగా ఎంచిన శ్రీరంగరాయలను రాణి పుట్టింటివాడైన గొబ్బూరి జగ్గరాయలు కుటుంబంతో సహా చంపించగా, అంతకుముందే వారసుడి పక్షాన నిలిచిన వెలుగోటి యాచమనాయుడి ఉపాయంతో ఒక చాకలి మూటలో బయటపడిన శ్రీరంగరాయల రెండవ కుమారుడు రామదేవుడే మీ బాలుడు. ఆ రాత్రి రాణి గోడ చేరి చూసినట్లు చరిత్ర చెప్పదు. కానీ తన వర్గం చంపబోతున్న బిడ్డను చూసి ఆమె కేకవేయకపోవడం కవికి చెల్లిన ఊహ, ఈ వారం నాకు నచ్చినదీ అదే. చిక్కు ‘చంటివాని’ దగ్గరే. 1617లో ఎదిగిన కుర్రవాడిగా సింహాసనమెక్కిన రామదేవుడు మూడేళ్ల ముందు చంటివాడెలా అవుతాడు?

నగరి సభ్యుడి పూరణలో ‘రాణి మందిరమున నొక్క దీపమాఱె’ అన్న పాదానికి యతి లేదు; రా–దీ కలియవు. ‘రాణి మందిరమున నాఁటి రాత్రివేళ’ అని సవరించి మళ్ళీ పంపండి.

చిత్తూరు సోదరి: ‘చిన్నవాని’ అని మార్చబోయాను గానీ, చా–చి యతి చెడుతున్నదండి.

నిర్వాహకుడు: ‘చక్కనయ్యఁ’ అనండి, అమ్మా.

చిత్తూరు సోదరి: సరేనండి. ‘చాకి మూటలో నొదిఁగిన చక్కనయ్యఁ గోట దాటించు వేళలో’ అని దిద్దుకున్నాను.