ఎనిమిది నెలల జూడో, ఇంకా పడటమే... మానెయ్యనా?

తెల్లబెల్ట్:
నాకు 41. వారానికి మూడు రోజులు జూడోకి వెళ్తున్నా. కోపం తగ్గుతుందని చేరాను, దాపరికం ఎందుకు. తగ్గలేదు సరికదా, నిన్న రాండోరిలో (ఇద్దరం స్వేచ్ఛగా తలపడే సాధన) నాకంటే పదిహేను కిలోలు తక్కువుండే కుర్రాడు ఆరుసార్లు పడేశాడు. ఆరోసారి లేచి వాడి కాలర్ ఎంత బిగించి పట్టుకున్నానంటే, గోరు కింద నెత్తురు కమ్మింది. వాడేమో నవ్వుతూ "అన్నా, చేతులు కాస్త వదులు చెయ్యి" అన్నాడు. రాత్రి పడుకునేదాకా అదే మాట చెవుల్లో. దీంతో మనసు కుదుటపడుతుందంటారే, నాకెందుకు పడట్లేదు?

కటా పిచ్చి:
కరాటేకి మారిపోండి. కటా అంటే ఒంటరిగా వరసలో చేసే కదలికలు, అందులో ఎదురుగా మనిషుండడు, మీకు మీరే. కోపం రావడానికి ఎవరూ ఉండరు :)

పాత కాపు:
మారొద్దు. ఎదుటి మనిషి లేకుండా కోపం రాకపోవడంలో గొప్పేముంది?

ఆ కుర్రాడు మిమ్మల్ని ఎగతాళి చెయ్యలేదండీ, కిటుకు చెప్పాడు. చేతులు కర్రల్లా బిగిస్తే మీరు ఎటు నెట్టబోతున్నారో అవతలివాడికి ముందే తెలిసిపోతుంది. జూడోలో "జూ" అంటేనే మెత్తదనం. జూడోకి ఆద్యుడు కానో జిగోరో 1882లో 21 ఏళ్ళ వయసులో ఒక గుళ్ళో పన్నెండు చాపల గదిలో కోడోకాన్ అనే జూడో బడి మొదలుపెట్టాడు. ఆయనా చిన్న మనిషే. బలంతో గెలవాలనుకుంటే ఆయనకి ఈ విద్యతో పనే లేదు.

నాకు ఇది పద్నాలుగో ఏడు. కోపం పోలేదు, మా ఆవిడని అడగండి. కానీ అది వచ్చేముందు ఊపిరి బిగబడుతుందని మాత్రం పడీ పడీ తెలుసుకున్నా. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో చాపని కొడుతూ ఊపిరి వదలమంటారు కదా, మీరు వదులుతున్నారా? నేను రెండేళ్ళు వదల్లేదు. ఈసారి స్లీవ్‌ని చిటికెనవేలు, ఉంగరంవేళ్ళతో పట్టుకోండి, బొటనవేలు ఊరికే ఆనించండి. ఆ కుర్రాడితోనే ఆడండి.

మాట తేడా:
ఒక్కటి కలుపుతా. నేర్పేవాడు ఎలాంటివాడో కూడా చూసుకోండి. నేను మొదట చేరిన చోట కొత్తవాళ్ళని నలగ్గొట్టడమే క్రమశిక్షణ అనేవారు. ఒప్పుకున్నానని చేత్తో తట్టినా (ట్యాప్ చేసినా) అరక్షణం ఆగి వదిలేవారు. ఏడాదిలో నా నోరు, చెయ్యి రెండూ దురుసయ్యాయి. మీ కుర్రాడు నవ్వి సలహా ఇచ్చాడంటే, అక్కడ గాలి బాగానే ఉన్నట్టుంది.

తెల్లబెల్ట్:
@పాత కాపు గారూ, ఇవాళ వెళ్ళొచ్చా. నాలుగుసార్లు పడ్డా. మూడోసారి గాల్లో ఉండగా తెలిసింది, ఊపిరి గొంతులోనే ఉంది! నాలుగోసారి వదిలా, చాప మీద చప్పుడు కూడా వేరేగా వచ్చింది. లేచేసరికి వాడే స్లీవ్ సర్దుకుంటూ "ఇంకోటా అన్నా?" అన్నాడు. సరే అన్నా.