టాలీలో స్టాక్, వెబ్‌సైట్‌లో ఆర్డర్లు: రెండూ కలపడానికి ఏ దారి పట్టాలి?

బెజవాడ_కోడర్:
అందరికీ నమస్తే. విజయవాడలో ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాప్‌కి పని చేస్తున్నా. బిల్లింగ్ అంతా గోడౌన్ పీసీలో టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్), ఈమధ్య పెట్టిన ఆర్డర్ సైట్‌కి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. ఐటెమ్స్ 4000 దాకా ఉంటాయి, ఆర్డర్లు రోజుకి 150. ఇప్పుడైతే రాత్రి ఒకబ్బాయి టాలీలోంచి ఎక్సెల్ తీసి సైట్‌లోకి ఎక్కిస్తాడు, దాంతో పొద్దున కౌంటర్లో అయిపోయిన సరుకు రాత్రిదాకా సైట్‌లో ఉన్నట్టే కనపడుద్ది. మొన్న తెనాలి నుంచి ఒకాయన 20 బాక్సుల తలుపు కబ్జాల కోసం ఆటో మాట్లాడుకుని మరీ వచ్చాడు, తీరా చూస్తే ఉన్నవి మూడు. మా ఓనర్ గారు ఆయనకి సర్దిచెప్తుంటే నాకు చాలా బాధేసింది. ఫైలే గంటకోసారి పంపాలా, సైటే నేరుగా టాలీని అడగాలా, లేక మా ఫ్రెండ్ అంటున్నట్టు డేటాబేస్‌లో మార్పుల్ని కనిపెట్టే డెబీజియం, వాటిని మిగతా సిస్టమ్స్‌కి చేరవేసే కాఫ్కా పెట్టాలా?

పాత_కేబుల్:
తమ్ముడూ, కాఫ్కా మంచిదే, ఒక్క ఈవెంట్‌ని చాలా సిస్టమ్స్ చదవాల్సిన చోట దానికి తిరుగులేదు. కానీ డెబీజియం చదివేది మైఎస్‌క్యూఎల్ బిన్‌లాగ్ (ప్రతి మార్పూ రాసుకునే ఫైల్), నీ స్టాక్ మారేదేమో టాలీలో, అక్కడ బిన్‌లాగ్ ఎక్కడుంది?

నేరుగా అడగడం కూడా వద్దు. టాలీ పోర్ట్ 9000 (పీసీలో నెట్‌వర్క్ ద్వారం) మీద ఎక్స్‌ఎంఎల్ (ట్యాగ్‌లతో రాసే డేటా) రిక్వెస్ట్‌లు తీసుకుంటుంది, నిజమే, కానీ టాలీ తెరిచి కంపెనీ లోడ్ అయి ఉంటేనే, పైగా ఆ పోర్ట్ బయటికి తెరిచావంటే లెక్కల పుస్తకం రోడ్డు మీద పెట్టినట్టే. అదే పీసీలో చిన్న పైథాన్ స్క్రిప్ట్ పెట్టు, రెండు నిమిషాలకోసారి లోకల్‌గా టాలీని అడిగి, మారినవి మాత్రం సైట్ ఏపీఐకి (ప్రోగ్రామ్‌లు డేటా ఇచ్చే దారి) పంపాలి. టాలీలో ప్రతి వోచర్‌కీ (బిల్లు లాంటి ఎంట్రీ) ఆల్టర్‌ఐడీ అనే మార్పు నంబర్ ఉంటుంది, ఎడిట్ చేస్తే పెరుగుద్ది, చివరిసారి చూసిన నంబర్ దాచుకుని ఆపైవి అడుగు, ఆ వోచర్లలో ఉన్న ఐటెమ్స్‌కే క్లోజింగ్ స్టాక్ తెచ్చుకో. డిలీట్ చేసిన వోచర్ మాత్రం ఇందులో దొరకదు, అందుకే రాత్రి ఒకసారి మొత్తం స్టాక్ పోల్చి చూడు. ఇప్పుడు ఆ అబ్బాయి చేసే పని పూర్తిగా తీసెయ్యొద్దు, తనిఖీగా ఉంచు.

లెడ్జర్_అక్క:
దానికంటే ముందు ఏది ఎవరి మాట అన్నది తేల్చుకో బాబూ. స్టాక్, రేటు టాలీ చెప్పాలి, ఆర్డర్, అడ్రస్ సైట్ చెప్పాలి. ఒకే రేటుని రెండు చోట్లా మార్చనిస్తే ఏ పద్ధతి పెట్టినా గొడవే.

ఆర్డర్లు టాలీలోకి పంపేటప్పుడు ఇంకా జాగ్రత్త. మా దగ్గర వోచర్ పడింది కానీ నెట్ తెగి రిప్లై రాలేదు, స్క్రిప్ట్ మళ్లీ పంపింది, ఒకే ఆర్డర్‌కి రెండు సేల్స్, జీఎస్టీ రిటర్న్ వేసే ముందు అకౌంటెంట్ గారు పట్టుకోబట్టి సరిపోయింది. అప్పట్నుంచి సైట్‌లో ఆర్డర్ సేవ్ అయ్యే ట్రాన్సాక్షన్‌లోనే (రెండూ కలిసి సేవ్ అవుతాయి, లేదా రెండూ అవ్వవు) పంపాల్సినవి అని ఒక టేబుల్లో వరుస రాస్తున్నాం, వోచర్ రిఫరెన్స్‌లో సైట్ ఆర్డర్ నంబర్ పెడతాం, మళ్లీ పంపే ముందు ఆ నంబర్ టాలీలో ఉందా అని చూస్తాం. ఐటెమ్ పేర్లలో ‘&’ ఉంటే ‘&amp;’ గా మార్చి పంపు, లేకపోతే ఎక్స్‌ఎంఎల్ తప్పయిపోద్ది. హార్డ్‌వేర్ షాపంటే ‘నట్ & బోల్ట్’ లాంటి పేర్లు బోలెడుంటాయిగా.

బెజవాడ_కోడర్:
థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. ‘&’ ఉన్న పేర్లు ఇప్పుడే వెతికా, 212 ఉన్నాయి. స్క్రిప్ట్ రేపు మొదలెడతా, ముందు స్టాక్ వైపే. ఆ రెండు నిమిషాల్లో కౌంటర్లో అమ్మేస్తే ఎలా మరి?

పాత_కేబుల్:
5 కంటే తక్కువున్న ఐటెమ్‌కి సైట్‌లో ‘ఫోన్ చేసి రండి’ అని చూపించు.