ఎల్లుండికి ఇంగ్లీషులో ఒక్క మాట లేదా?

గోదారిగట్టు: మెయిల్లో ప్రతిసారీ “డే ఆఫ్టర్ టుమారో” అని ఇంత పొడుగు రాయాల్సి వస్తోంది. మనకి ఎల్లుండి, మొన్న అని హాయిగా ఉన్నాయి. ఇంగ్లీషుకి ఈ కరువేమిటండీ?

పాతనిఘంటువు: లేక కాదండీ, ఉన్నవి పోగొట్టుకున్నారు. ఎల్లుండిని ఓవర్‌మారో అనేవారు. 1535లో అచ్చయిన కవర్‌డేల్ బైబిల్లో ఈ మాట ఉంది. మొన్నకి ఎయర్‌యెస్టర్డే. ‘ఎయర్’ అంటే ముందు, అంటే నిన్నటికి ముందురోజు. రెండూ వాడుకలోంచి పోయాయి.

మ్యూనిక్‌మామిడి: వాటి చుట్టాలు ఇక్కడ జర్మన్‌లో నిక్షేపంగా ఉన్నాయి. ఎల్లుండికి ఊబర్‌మోర్గెన్, మొన్నకి ఫోర్‌గెస్టర్న్. ఆవలెల్లుండి అనాలంటే ముందు ఇంకో ‘ఊబర్’ తగిలిస్తారు, అంతే!

డల్లాస్‌దోసె: పోయిన మాటలంటే గుర్తొచ్చింది. మీటింగ్‌లో “ఫోర్ట్‌నైట్‌లో పూర్తి చేస్తా” అన్నాను. ఒకాయన ఆ పేరున్న వీడియో గేమ్ గురించి అనుకుని నవ్వాడు. ఇదీ పాత మాటేనా?

పాతనిఘంటువు: అమెరికాలో దాదాపు లేదు కానీ బ్రిటన్‌లో, మన దేశంలో రోజూ వాడేదే. ‘ఫోర్టీన్ నైట్స్’, అంటే పద్నాలుగు రాత్రులు, రెండు వారాలన్నమాట, అరిగి అరిగి అలా అయింది. వారానికీ ఇలాంటిదే సెన్నైట్ అని ఉండేది, ఏడు రాత్రులన్నమాట. అది మాత్రం పోయింది. పగళ్లు వదిలేసి రాత్రుళ్లు ఎందుకు లెక్కపెట్టారంటారా? జర్మానిక్ తెగల లెక్కే అది. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 1వ శతాబ్దం చివర్లోనే ఆ సంగతి రాశాడు. ఇంగ్లీషువాళ్ల పూర్వీకులు ఆ తెగలవాళ్లే కదా.

గోదారిగట్టు: మనం మాత్రం పక్షం అని చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టుకున్నాం. బాగుంది. అయితే ఓవర్‌మారో మెయిల్లో పెట్టేయనా?

డల్లాస్‌దోసె: వద్దు బాబూ, టైపింగ్ తప్పనుకుంటారు. తేదీ వేసేయండి, గొడవుండదు.

లండన్‌లక్ష్మి: ఇక్కడ పబ్బుల బోర్డుల మీద ‘యీ ఓల్డ్’ అని ఉంటుంది. అందరూ ‘యీ’ అనే చదువుతారు. అదీ పాత మాటేనా?

పాతనిఘంటువు: ఆ ‘యీ’ అసలు మాటే కాదమ్మా, అది మామూలు ‘ద’ (the). పాత ఇంగ్లీషులో ఆ ధ్వనికి థార్న్ అని వేరే అక్షరం ఉండేది. చేతిరాతలో అది పోనుపోను ‘వై’లా కనిపించసాగింది. యూరప్ నుంచి వచ్చిన అచ్చు దిమ్మల్లో థార్న్ లేకపోవడంతో అచ్చువేసేవాళ్లు ‘వై’తోనే సర్దేశారు. చదవడం మాత్రం ‘ద’ అనే చదివేవారు. బోర్డులవాళ్లు పాతకాలపు సోకు కోసం పట్టుకొచ్చాక జనం ‘యీ’ చేశారు.